పలుగు ఒకటి, బయటికి

పదకొండో భాగం

పోయిన వారం శిల్పశ్రీని సోలారు పార్కు మూడో నంబరు గేటు దగ్గర రేకుల షెడ్డులో, ఒక రిజిస్టరు ముందు నిలబెట్టి మనం ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోయాం. గేటు కాపలా తిప్పేశ్ వేలు ఒక గీత మీద ఆగింది. ఆ గీతలో ఏముందో చెప్పకుండా ఆపినందుకు కొందరు నన్ను తిట్టుకున్నారని తెలుసు. తిట్లు నాకు కొత్త కాదు. గీత సంగతికి ఇప్పుడే వస్తాను. ఈ వారమే కొత్తగా పేజీ తిప్పినవాళ్ల కోసం మాత్రం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాలి.

క్యాతగానచెర్లులో శ్రీరామప్ప చేను ఇప్పుడు సోలారు ప్యానెళ్ల కింద ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల లీజు. ఆ ప్యానెళ్ల కింద గడ్డి కోసే మిషను తిరగాలంటే ముందు రాళ్లు ఏరిపారెయ్యాలి. లేకపోతే మిషను రెక్క తగిలి ఎగిరిన రాయి పైనున్న అద్దాన్ని పగలగొడుతుంది. రాళ్లు ఏరే పదకొండుమంది ఆడవాళ్లకు మేస్త్రీ శిల్పశ్రీ, ఆ శ్రీరామప్ప కోడలే. పోయిన సోమవారం, ఒకప్పుడు తన మామ వేరుశనగ వేసిన చోట, ఆమెకు పిడికెడంత తెల్లరాయి దొరికింది. చూసినవాళ్లంతా పలుగురాయి అన్నారు. పావగడ తాలూకాలో పలుగురాయికి కరువేముంది, వానలు లేకపోయినా అది మాత్రం ఏటా పండుతుంది.

బుధవారం యోగానంద వచ్చాడు. ఊరి పెద్ద హనుమంతరాయుడి తమ్ముడి కొడుకు, తుమకూరు కాలేజీలో రాళ్ల గురించి పాఠాలు చెబుతాడు. ఆ తెల్లరాయితో ఒక పలుగుముక్క మీద గట్టిగా గీశాడు. పలుగు మీద గాడి పడింది, తెల్లరాయికి ఏమీ కాలేదు. ఇది పలుగు కాదు, ఫెనకైట్ అన్నాడు. అచ్చం పలుగులా కనబడి మనుషుల్ని బోల్తా కొట్టిస్తుంది కాబట్టి, గ్రీకు భాషలో మోసగాడు అనే మాట నుంచి దానికి ఆ పేరు పెట్టారట. ఇంత పెద్దది, ఇంత తేటగా ఉన్నది దొరకడం అరుదట. రాళ్లు సేకరించే పిచ్చివాళ్లు దేశాలు దాటి వస్తారట. తనే దాన్ని ఎర్రగుడ్డలో చుట్టి, ముడి వేసి, శిల్పశ్రీ చేతికిచ్చి వెళ్లాడు.

రెండు రోజులు ఆ మూట శిల్పశ్రీ ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. శుక్రవారం పొద్దున హనుమంతరాయుడు దాన్ని తెప్పించి తన ఇనప్పెట్టెలో పెట్టించాడు. నిన్న ఆదివారం యోగానంద మళ్లీ వచ్చి, అందరి ముందూ ముడి విప్పి, గీసి చూశాడు. రెండు రాళ్లూ పిండి రాల్చాయి. గుడ్డలో ఉన్నది ఉత్త పలుగు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం.

"పెట్టె బీగం నా మొలతాటికి ఉండాది. మారిందంటే పెట్టెలోకి రాకముందే మారింది" అని హనుమంతరాయుడు తేల్చేశాడు. రాకముందు రాయి ఎవరి దగ్గరుందో వేరే చెప్పాలా? మంగళవారం నాగలమడిక సుబ్రమణ్యస్వామి ముందు శిల్పశ్రీ తడిబట్టలతో ప్రమాణం చేయాలన్నాడు. ఆమె చేస్తానంది. అడ్డుపడింది మామ శ్రీరామప్ప.

"నా కోడలు దొంగ కాదు. ప్రమాణం చేయబల్లేదు" అని పెద్దాయన ముఖం మీదే చెప్పాడు.

ప్రమాణం వద్దన్నది మామ, చెడ్డపేరు వచ్చింది కోడలికి. భయపడింది కాబట్టే ముసలాయన చేత చెప్పించిందని ఊళ్లో పొద్దుటికే ఒక మాట పుట్టింది. పదకొండుమంది ఆడవాళ్లలో నలుగురు ఈ రోజు ఆమెకు దూరంగా వరస పెట్టుకుని రాళ్లు ఏరారు. భర్త సునీల్‌కుమార్, ప్యానెళ్లు కడిగే ట్రాక్టరు నడుపుతాడు, చాలా మంచివాడు, "తీసినావంటే నాకు చెప్పు, నేనేమీ అనను" అన్నాడు. అంత మంచితనం కంటే చెంపదెబ్బ నయమనిపించింది ఆమెకు. నిన్నటి నుంచి గొంతులో ముద్ద దిగుతోందంటే మామ అన్న ఆ ఒక్క మాట వల్లే. నమ్మే మనిషి ఇంట్లో ఒక్కడైనా ఉన్నాడు. కానీ రేపు మంగళవారం. ఈలోగా రాయి తీసినవాళ్లెవరో తేలకపోతే ఆ దొంగ పేరు ఆమెకు జీవితాంతం ఉండిపోతుంది. ఆమెకు కావలసింది రాయి కాదు, తన పేరు.

ఇక గీత.

రాగి వైర్ల దొంగతనాలు మొదలైనప్పటి నుంచి గేటు దాటి బయటికి పోయే ప్రతి వస్తువునూ రాసిపెట్టాలని పైనుంచి ఆర్డరు. తిప్పేశ్ చదివింది కన్నడ బడిలో, మాట్లాడేది తెలుగు. అందుకని అతని రిజిస్టరులో అక్షరాలన్నీ కన్నడం, మాటలు సగానికి సగం తెలుగు. రాయి మారిందంటే, దాని బదులు మూటలోకి చేరిన పలుగు ఈ గుట్టల్లోంచే పోయి ఉంటుందని శిల్పశ్రీ అనుమానం. ఆమె అడిగింది ఒక్కటే: పోయిన సోమవారం నుంచి ఇప్పటిదాకా, తనకు దొరికింది కాక, ఈ గేటు దాటి రాయి ఏదైనా పోయిందా? తిప్పేశ్ వేలు గురువారం సాయంత్రం దగ్గర ఆగింది. అక్కడ ఇలా ఉంది.

పలుగు ఒకటి. బయటికి. గోపికృష్ణ.

గోపికృష్ణ ఆ ప్యానెళ్ల బ్లాకుకు సూపర్‌వైజరు. నెల్లూరు వైపు మనిషి. వచ్చి రెండేళ్లయింది. ఎండకు భయపడి ముఖానికి గుడ్డ కట్టుకుని స్కూటరు మీద తిరుగుతుంటాడు. మెత్తగా మాట్లాడతాడు. నన్నడిగితే ఈ కథలో మెత్తగా మాట్లాడే ప్రతివాడి జేబులూ ఒకసారి తడిమి చూడాలి.

"ఇది నువ్వే రాసినావా తిప్పేశూ?" అంది శిల్పశ్రీ.

"నా రాతే గదక్కా."

"చూసి రాసినావా, ఆయప్ప చెప్తే రాసినావా?"

తిప్పేశ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "దినానికి యాభై గీతలు రాస్తా. నాలుగు దినాల కిందటిది యాడ గుర్తుంటాదక్కా."

ఆమె హనుమంతరాయుడికి ఫోను చేసింది. అరగంటలో జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. ముందు సీట్లోంచి పెద్దాయన దిగాడు. వెనకనుంచి తువ్వాలు దులుపుకుంటూ శ్రీరామప్ప దిగాడు. ఆమె మామను పిలవలేదు. ఎండన పడి తనకోసం వచ్చాడని ఆమెకు కళ్లు చెమర్చాయి.

హనుమంతరాయుడు అద్దాలు పెట్టుకుని, రిజిస్టరును చేతి దూరాన పట్టుకుని గీతను రెండుసార్లు చదివాడు. ఆయన ముఖంలో మొదటిసారి కొంచెం తేటదనం కనిపించింది. అంతవరకూ ఈ గొడవలో ఆయన ఇంటి పేరు కూడా నలుగుతోంది మరి. పెట్టె ఆయనది, రాయిని గుర్తుపట్టినవాడు ఆయన తమ్ముడి కొడుకు. ఊళ్లో నోళ్లు ఒక్క శిల్పశ్రీ దగ్గరే ఆగుతాయా?

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బయటి దొంగైతే నేను చాలు. పిలువప్పా ఆ సూపర్‌వైజర్ని" అన్నాడు.

"ఎందుకులే అన్నా" అన్నాడు శ్రీరామప్ప. "యాడో దూరం నుంచి పొట్టకూటికి వచ్చినోడు. ఉద్యోగం పోతాది. వదిలేద్దాం."

"వదిలేస్తే నీ కోడలి మీదకొస్తాది, తెలుసా?"

శ్రీరామప్ప షెడ్డు మూలనున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తన పీకల మీదికొచ్చినా పరాయివాడి పొట్ట గురించి ఆలోచించే మనిషి అనుకుంది శిల్పశ్రీ. ఇలాంటి మామ ఎంతమందికి దొరుకుతాడనుకుంది.

గోపికృష్ణ వచ్చాడు. స్కూటరును బయట ఎండలోనే నిలిపి, ముఖం మీద గుడ్డ విప్పుకుంటూ లోపలికి అడుగుపెట్టి, జీపు మనుషుల్ని చూసి ఆగాడు. ఆయన చూపు ఒక్కొక్కరి మీదుగా పోయి మూలన దిమ్మ మీద ఒక్క క్షణం నిలిచింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

"ఏందప్పా, గురువారం గేటు దాటించినావంట?" అన్నాడు హనుమంతరాయుడు.

"ఏం దాటించానండీ?"

"నువ్వు చదువు తిప్పేశూ."

తిప్పేశ్ బడిలో పద్యం అప్పగించేవాడిలా నిలబడి చదివాడు. "పలుగు ఒకటి. బయటికి. గోపికృష్ణ."

గోపికృష్ణ ముఖంలో నెత్తురు ఒక్కసారిగా దిగిపోయి, అంతలోనే తిరిగి ఎక్కింది. తర్వాత ఆయన నవ్వాడు.

"ఓస్, దీనికేనా పంచాయితీ? అవునండీ, పలుగు తీసుకెళ్లాను. గేటు బయట కెమెరా స్తంభం పాతాలి కదా. పలుగు లేకుండా గుంత ఎట్లా తవ్వుతారు?"

షెడ్డులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. హనుమంతరాయుడు తిప్పేశ్‌ను చూశాడు, తిప్పేశ్ శిల్పశ్రీని చూశాడు.

"పలుగుతో గుంత తవ్వేదేందప్పా?" అన్నాడు పెద్దాయన.

"పలుగుతో కాకపోతే దేనితో తవ్వుతారండీ?" గోపికృష్ణ రెండు చేతులూ చాచి గాల్లో పొడుగు చూపించాడు. "ఇనుపది. ఇంత పొడుగుంటుంది. ఒక కొన మొనదేలి ఉంటుంది. మీ దగ్గర ఏమంటారు దాన్ని?"

"గడారి" అన్నాడు తిప్పేశ్.

"అదేనండీ. మా వైపు పలుగు అంటాం. పలుగూ పారా అంటారు చూడండి, ఆ పలుగు."

ముందుగా నవ్వింది హనుమంతరాయుడు. ఆ నవ్వుకు జేబులో అద్దాలపెట్టె ఎగిరింది. తిప్పేశ్ కూడా నవ్వాడు. ఒకే తెలుగు, రెండు పలుగులు. గోపికృష్ణ ఊళ్లో పలుగుతో నేలను తవ్వుతారు, ఈ ఊళ్లో నేలను తవ్వితే పలుగు వస్తుంది. రెండు ఊళ్లవాళ్లూ నలభై ఏళ్లు పక్కపక్కన బతికినా ఈ తేడా బయటపడకపోవచ్చు. ఒక దొంగతనం జరిగితే పడింది.

నవ్వు ఆగాక పెద్దాయన శిల్పశ్రీ వైపు తిరిగాడు. ఆ చూపులో నవ్వు లేదు. అనుమానం గోపికృష్ణ ఇంటిదాకా పోయి, తలుపు కొట్టి, మళ్లీ ఆమె దగ్గరికే వచ్చి కూర్చుంది.

"ఇనుము కోసరం నన్ను జీపేసుకుని రమ్మన్నావేమ్మా?" అన్నాడు.

"సరిపాయె" అంటూ శ్రీరామప్ప దిమ్మ మీదనుంచి లేచాడు. ఊపిరి బరువుగా వదిలాడు. "పదమ్మా, మద్యాన్నం దాటిపాయె, నువ్వింకా ఏమీ తినలేదు."

శిల్పశ్రీ కదల్లేదు. నవ్వులపాలైనందుకు చెవులు మండుతున్నాయి, కానీ ఆమె చూపు రిజిస్టరు మీదే ఉంది. గోపికృష్ణ నవ్వడానికి ముందు ముఖంలో నెత్తురెందుకు దిగింది? గడారి మోసుకుపోయినవాడు భయపడాల్సిన పనేముంది? గుమ్మడికాయల దొంగ అనక ముందే భుజాలు తడుముకున్న మనిషిని ఆమె ఇప్పుడే చూసింది. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. గోపికృష్ణకు కన్నడం చదవడం రాదు. రోజూ పొద్దున హాజరుపట్టీలో పేర్లు ఆయనకు చదివి వినిపించేది తనే. ఇప్పుడు ఆయన విన్నది తిప్పేశ్ చదివినంత వరకే. తిప్పేశ్ పేరు దగ్గర ఆపేశాడు. పేరు తర్వాత రిజిస్టరులో ఇంకొక గడి ఉంది.

"సార్, ఆ గడారి ఎంత పొడుగుంటాది?" అంది.

"ఐదడుగులుంటుందమ్మా."

"దేంట్లో తీసుకుపోయినారు?"

గోపికృష్ణ ఒక్క క్షణం తడబడ్డాడు. "దేంట్లో ఏముంది? మనిషి భుజానేసుకుని నడిచొచ్చాడు. నేను వెనక వచ్చాను."

శిల్పశ్రీ రిజిస్టరును తన వైపు తిప్పుకుంది. ఆమె కూడా కన్నడ బడిలోనే చదివింది, పదో తరగతి దాకా. పేరు తర్వాతి గడిలో ఉన్నది నిదానంగా, తొందరపడకుండా చదివింది.

"వాహనం. స్కూటరు డిక్కీ."

అందరి తలలూ బయట నిలబడ్డ స్కూటరు వైపు తిరిగాయి. సీటు కింద డిక్కీ. హెల్మెట్టు పెడితే మూత పడదు.

"ఐదడుగుల గడారి దాంట్లో ఎట్ల పట్టిందో చూపించండి సార్. నేను గూడా నేర్చుకుంటా" అంది శిల్పశ్రీ.

తిప్పేశ్ నుదురు కొట్టుకున్నాడు. "గుర్తొచ్చెనక్కా. డిక్కీ తెరిపించినా. రెయిన్‌కోటు కింద తెల్లగా కనబడె. సార్ ఒట్టి రాయేలే అన్నాడు. రాయంటే ఏ రాయని అడుగుతారు గదా పైవాళ్లు, అందుకని పలుగని రాసినా."

గోపికృష్ణ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. హనుమంతరాయుడు వచ్చి ఆయనకు అడ్డంగా, వాకిలి దగ్గర నిలబడ్డాడు.

"రాయి తీసుకెళ్లాను, నిజమే" అన్నాడు గోపికృష్ణ చివరికి. "కానీ మీరు అనుకునే రాయి కాదండీ. ఆడవాళ్లు ఏరి పోసిన గుట్టలోంచి తీసిన మామూలు రాయి. బ్లాకులోంచి పుల్ల కూడా బయటికి పోకూడదని రూలు. తెలిస్తే నా ఉద్యోగం పోతుందని అబద్ధం చెప్పాను."

"గుట్టలో వెయ్యి రాళ్లుండాయి. నీకు ఒక్కటి ఏంటికి?" అన్నాడు పెద్దాయన.

"నాకు కాదు. ఒకరు అడిగారు. పిడికెడంతది, అద్దంలా తెల్లగా ఉండేది చూసి తెచ్చిపెట్టమన్నారు."

పిడికెడంతది. అద్దంలా తెల్లగా. షెడ్డు రేకులు ఎండకు టపటపమన్నాయి. ఎర్రగుడ్డలో పెట్టడానికి అలాంటి రాయి ఎవరికి కావాలో ఇక ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఎవరు అడిగినారు?"

"చెప్పనని మాటిచ్చానండీ."

"మీ పైవాళ్లకు ఫోను చేసేదా?" హనుమంతరాయుడు జేబులో చెయ్యి పెట్టాడు.

"ఉండు పెద్దమామా" అంది శిల్పశ్రీ. ఆమె గోపికృష్ణకు ఎదురుగా వచ్చి నిలబడింది. "సార్, ఈ రాయి నేను తీసినానని నా గ్యాంగులోనే నాతో మాట్లాడరు. నా ఇంటాయన నమ్మడంలే. రేపటితో నేను ఈ ఊళ్లో దొంగను. మీరు మాట తప్పితే మీకేమైతాదో నాకు తెల్దు. మీరు చెప్పకుంటే నేనేమైతానో మీకు తెలుసు."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే గోపికృష్ణ ఏదో ఓదార్పు మాట చెప్పి తప్పించుకునేవాడేమో. ఆయన ఆమె ముఖంలోకి చూడలేక భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"శ్రీరామప్పగారూ" అన్నాడు. "మీరే చెప్పెయ్యండి. ఇంక నావల్ల కాదు."

శిల్పశ్రీకి ఆ మాట చెవిలో పడింది కానీ బుర్రకెక్కలేదు. మామను సాక్షిగా పిలుస్తున్నాడేమో అనుకుంది. వెనక్కి తిరిగి చూసింది. శ్రీరామప్ప మళ్లీ దిమ్మ మీద కూలబడ్డాడు. తువ్వాలు ఒళ్లో ఉంది. దాన్ని మడత పెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్లీ మడత పెడుతున్నాడు.

"మామా?"

"అవునమ్మా" అన్నాడు. "అడిగింది నేనే."

హనుమంతరాయుడు నోరు తెరిచాడు. శిల్పశ్రీ చెయ్యెత్తి ఆయన్ను ఆపింది. పెద్దవాళ్ల ముందు అలా చెయ్యెత్తడం ఆమెకు అదే మొదలు.

"ఆ చేన్లో పలుగు ఏరి ఏరి మా నాయన నడుము వంగిపాయె" అన్నాడు శ్రీరామప్ప. ఎవరినీ చూడకుండా, తువ్వాలుకే చెబుతున్నట్టు. "నేనూ అంతే. బండ్లకు బండ్లు ఏరి గట్టున పోసినాం. ఒక్కటి దేనికీ పనికి రాకపాయె. ఇప్పుడు కంచె వేసినారు. నా చేన్లోకి నేను పొయ్యి ఏళ్లాయె. ఇరవై ఎనిమిదేళ్లు అయ్యేతలికి నేను యాడుంటా? ఆ చేను నాకు ఇచ్చిన మంచి రాయి అదొక్కటే. అదీ పెద్దింటి పెట్టెలోకి పోతాదంటిరి. నాకు మనసు ఒప్పలే. ఈ సారును కాళ్లావేళ్లా పడితి. గుట్టలోంచి అట్లాంటిదే తెచ్చిచ్చినాడు. శుక్రవారం పొద్దున మూట తీసుకుపోతా గూటి దగ్గరనే మార్చేసినా."

మామ దొంగ. ఆ మాట ఆమె లోపల మెల్లగా దిగింది. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దాని వెంటే, చెప్పుకోడానికి సిగ్గుపడాల్సిన సంతోషం ఒకటి వచ్చింది. తన పేరు నిందలోంచి బయటపడింది. ఇంటాయన, గ్యాంగు ఆడవాళ్లు, ఊరు, అందరూ ఇక నోరు మూసుకుంటారు. మామ చేసింది తప్పే అయినా, నా కోడలు దొంగ కాదని అందరి ముందూ అన్నవాడు ఆయనొక్కడే. దొంగతనం చేసి కూడా, నింద కోడలి మీద పడకుండా అడ్డం నిలబడ్డాడు. దానికి ఎంతైనా క్షమించవచ్చు అనిపించింది.

"అయితే ఆ రాయి నీతోనే ఉండాదా?" అంది.

శ్రీరామప్ప చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు ఒకటి తీశాడు. కవరులోంచి రాయి తీశాడు. పిడికెడంత, తెల్లగా, తేటగా. ఆమె అందుకునేలోపే హనుమంతరాయుడు లాక్కున్నాడు. ముసలితనం ఎక్కడికి పోయిందో, చటుక్కున వంగి షెడ్డు గడపలోంచి ఒక పలుగుముక్క ఏరి, గోడకు ఆనించి, రాయితో గట్టిగా గీశాడు.

పిండి రాలింది. ముక్కలోంచీ రాలింది, రాయిలోంచీ రాలింది.

మళ్లీ గీశాడు. ఈసారి రాయి అంచు కూడా విరిగింది.

"ఇదీ పలుగే" అన్నాడు తిప్పేశ్, అందరికీ తెలిసిందే అయినా.

"నాకు తెలుసు" అన్నాడు శ్రీరామప్ప. "శనివారం నేను గీసి చూసినా. నేను మార్చకముందే అది మారిపోయి ఉండాది."

ఒక దొంగ దొంగతనానికి పోతే అక్కడ ముందే దొంగలు పడి ఉన్నారు. నవ్వాల్సిన సంగతే. నవ్వడానికి ఎవరికీ నోరు రాలేదు.

"శనివారమే తెలిస్తే ఎందుకు చెప్పలేదు మామా?" అంది శిల్పశ్రీ.

శ్రీరామప్ప తువ్వాలు మడత పెట్టడం ఆపాడు.

"ఎట్ల చెప్పేదమ్మా. బుధవారం నుంచి ఆ గూటి దగ్గరికి పోయింది నువ్వు. దీపం పెట్టేది నువ్వు. నేను ముట్టింది శుక్రవారమే. ఇంక ముందు ముట్టినోళ్లెవరు? నువ్వే తీసినావనుకున్నా. తీస్తే తీసిందిలే, నా బిడ్డ లాంటిది, ఎవరికి మాత్రం ఆశ ఉండదు అనుకున్నా. అందుకే నిన్న ప్రమాణం వద్దంటి. ఆ సామి ముందర అబద్ధం చెప్తే నీకు ఏమన్నా అయితే ఎట్లని నాకు భయమాయె."

గ్యాంగు ఆడవాళ్ల అనుమానం ఆమెను గీరింది, మొగుడి అనుమానం కోసింది. ఇది అంతకంటే లోతుకు దిగింది. ఏ ఒక్క మాట పట్టుకుని నిన్నటి నుంచి బతికిందో ఆ మాట వెనక నమ్మకం లేదు. ఉన్నది జాలి. దొంగ మీద ఒక ముసలాయనకు కలిగిన జాలి.

"మరి బుధవారం ఆ ముడి కట్టింది ఎవరక్కా?" అన్నాడు తిప్పేశ్. పాపం, అతనికి నిజంగానే తెలియక అడిగాడు.

ఎర్రగుడ్డ తెచ్చిందీ, చుట్టిందీ, ముడి వేసిందీ యోగానంద. ఆ ముడిని శిల్పశ్రీ ఒక్కసారి కూడా విప్పలేదు.

హనుమంతరాయుడు చేతిలోని రాయిని రిజిస్టరు మీద పెట్టి, చేతుల పిండి దులుపుకున్నాడు. ఉన్నట్టుండి ఆయన గొంతు చాలా మెత్తగా అయింది.

"పోనీలేమ్మా. ఇంతదూరం వచ్చినాక ఇంక ప్రమాణాలు ఏంటికి? మన మన మధ్య మాట. ఒక రాయి, పాయె. రేపు నాగలమడికకు పోబల్లేదులే" అంటూ జీపు వైపు రెండడుగులు వేశాడు.

నిన్న ప్రమాణం చేయాల్సిందేనని పట్టుబట్టిన మనిషి ఆయనే. శిల్పశ్రీ ఆ మనిషి వీపును చూసింది.

"పోవాల పెద్దమామా" అంది. "నేను చేస్తా. మా మామ గూడా చేస్తాడు. సూపర్‌వైజరు సారూ చేస్తాడు. ఆ రాయిని ముట్టినోళ్లంతా తడిగుడ్డల్తో నిలబడల్ల. నువ్వు గూడా. యోగానందన్నకు ఫోను చేసి రమ్మను."

పెద్దాయన జీపు తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"పొద్దుట్నుంచి చేస్తాండా" అన్నాడు. "వాని ఫోను పలకడంలే. కాలేజీకీ పోలేదంట."

శ్రీరామప్ప మెల్లగా లేచి కోడలి దగ్గరికి వచ్చాడు. "పదమ్మా, ఇంటికి పోదాం" అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోలేక, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నువ్వు జీపులో పో మామా" అంది శిల్పశ్రీ. తర్వాత తిప్పేశ్ వైపు తిరిగింది.

"పొద్దున నాగలమడిక బస్సు ఎన్ని గంటలకు తిప్పేశూ?"

"ఆరున్నరకక్కా. ఎంతమంది పోతారు?"

"నేనైతే ఎక్కుతా" అంది. "మిగతావాళ్లలో ఎవరు రారో చూడాల."